40 వేల పేటా? 18 వేల పేటా?

ప్రశ్న: ఉద్యోగం మానేశాను. చేతిలో ఉన్న పొదుపుతో చిన్నపిల్లల డే కేర్ పెడదామని ఉంది. రెండు పేటలు చూశాను. మొదటి దాంట్లో జనాభా 40 వేలు, రెండో దాంట్లో 18 వేలు. రెండో పేటలో ఇప్పటికే రెండు డే కేర్‌లు ఉన్నాయి, ఒక్కోదాంట్లో 60 మంది పిల్లలు. నాకు ఖర్చులు రావాలంటే కనీసం 40 మంది చేరాలి. మావారు కళ్లు మూసుకుని పెద్ద పేటలో పెట్టమంటున్నారు. వయసులవారీ లెక్కలు సంపాదించి దీంతో పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు మిమ్మల్ని మెచ్చుకోవాలి. ముప్పై ఏళ్లు బ్యాంకులో లోన్ అప్లికేషన్లు చదివాను. ‘ఇక్కడ జనాభా ఎక్కువ కాబట్టి వ్యాపారం బాగా నడుస్తుంది’ అని రాసినవాళ్లే తప్ప, ఆ జనాభాలో ఎవరున్నారో చూసి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు.

మీవారి 40 వేలను కాసేపు పక్కన పెట్టండి. మీరు పంపిన కాగితంలో పనికొచ్చేవి పైనున్న మూడు వరసలే. పెద్ద పేటలో 0–4 ఏళ్లవాళ్లు 2,100, 5–9 వాళ్లు 2,900, 10–14 వాళ్లు 3,300. వయసు తగ్గేకొద్దీ పిల్లలు తగ్గిపోతున్నారు. చిన్న పేటలో అవే వరసలు 1,900, 1,500, 1,200. అక్కడ పెరుగుతున్నారు. అంటే జనాభా సగం కూడా లేని పేటలో పసిపిల్లలు దాదాపు అంతమందీ ఉన్నారు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు అటే వెళ్తున్నారన్నమాట. పైగా ఐదేళ్లలోపు పిల్లలను జనాభా లెక్కల్లో వదిలేయడం చాలా దేశాల్లో ఉన్నదే. అమెరికాలో 2010 లెక్కల్లో ఆ వయసువాళ్లు 4.6 శాతం దాకా తక్కువ పడ్డారని అక్కడి సెన్సస్ వాళ్లే తేల్చారు. కాబట్టి మీ 1,900 నిజానికి ఇంకాస్త ఎక్కువే అయి ఉండొచ్చు.

ఇక్కడిదాకా బాగుంది. ఇప్పుడు కోత మొదలుపెడదాం. 1,900లో ఏడాది నిండనివాళ్లను తీసేస్తే సుమారు 1,500. తల్లీ తండ్రీ ఇద్దరూ పనికి వెళ్లే ఇళ్లు నాలుగింట ఒకటి అనుకుందాం, 375. అందులో సగం ఇళ్లలో పిల్లల్ని చూసుకోవడానికి అమ్మమ్మో తాతయ్యో ఉంటారనుకుంటే మిగిలేది 185 మంది. ఉన్న రెండు డే కేర్‌లలో 120 మంది పోగా 65. మీకు కావలసింది 40. మిగిలినవాళ్లలో ప్రతి ముగ్గురిలో ఇద్దరు మీ దగ్గరికే రావాలి. కొత్తగా తలుపు తెరిచినవాళ్లకు అది తేలిక కాదు. ఈ ‘నాలుగింట ఒకటి’, ‘సగం’ నేను వేసుకున్న అంచనాలే. వాటి స్థానంలో మీరు కనుక్కున్న అంకెలు పెట్టండి. పెద్ద పేటకూ ఇదే కోత కోసి చూడండి. అక్కడ పోటీ ఎంతో మీరు రాయలేదు.

ఈ కోత నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. నేనూ మా తోడల్లుడూ కలిసి ఒకసారి జిమ్ పెట్టాం. ఆ వార్డులో 18–24 ఏళ్లవాళ్లు విపరీతంగా ఉన్నారని కాగితం చూసి ఎగిరి గంతేశాం. తీరా చూస్తే వాళ్లలో సగం మంది ఒక కాలేజీ హాస్టల్ పిల్లలు. వాళ్లకు లోపలే జిమ్ ఉంది, సెలవులొస్తే వార్డే ఖాళీ. లెక్కలవాళ్లు ఏ తప్పూ చెయ్యలేదు, ఆ రోజు అక్కడున్నవాళ్లను రాసుకున్నారు. ఇళ్లెన్నో, హాస్టళ్లలాంటివి ఎన్నో విడివిడిగా చూడకపోవడం మా తప్పు. పద్నాలుగు నెలలు టెన్షన్ పడి మూసేశాం. ట్రెడ్‌మిల్ ఒకటి ఇంకా మా ఇంట్లోనే ఉంది, బట్టలు ఆరేసుకుంటున్నాం.

మీ చిన్న పేట విషయంలో నాకున్న అసలు అనుమానం వేరే. ఒకేసారి కట్టిన కాలనీలో అందరూ ఒకే వయసువాళ్లు దిగుతారు. పిల్లలంతా ఒకే ఊపున పుడతారు, ఒకే ఊపున బడికి వెళ్లిపోతారు. ఆరేళ్ల తర్వాత అక్కడ ట్యూషన్లకు గిరాకీ ఉంటుంది, డే కేర్‌కు ఉండదు. జపాన్‌లో ఓజీ హోల్డింగ్స్ అనే కంపెనీ 2024లో పసిపిల్లల డయపర్ల తయారీని ఆ దేశంలో ఆపేసి, పెద్దవాళ్ల డయపర్ల వైపు తిరిగింది. అంత పెద్ద కంపెనీ సరుకు మార్చుకోగలిగింది. మీరు చిన్న కుర్చీలన్నీ కొన్నాక ఏం మార్చుకుంటారు?

అందుకని రెండు విషయాలు కనుక్కోండి. కొత్త ఇళ్లకు అనుమతులు ఇంకా ఇస్తున్నారా? అద్దె ఇళ్లు ఎన్ని? అద్దెవాళ్లు మారుతూ ఉంటే కొత్త పసిపిల్లలు వస్తూనే ఉంటారు. అందరూ సొంత ఇళ్లవాళ్లే అయితే పేట వాళ్లతోపాటే ముసలిదవుతుంది. జనాభా లెక్కలు చాలా దేశాల్లో పదేళ్లకోసారి జరుగుతాయి కాబట్టి ఈ మధ్య జననాల నమోదు ఎలా ఉందో, దగ్గరి బళ్లలో మొదటి తరగతిలో ఎంతమంది చేరారో కూడా అడగండి. ఆ అంకెలు తాజాగా ఉంటాయి.

నా ఓటు చిన్న పేటకే. కానీ అద్దె ఒప్పందం మూడేళ్లకు మించి రాసుకోకండి, గోడలు పగలగొట్టి డబ్బు పొయ్యకండి. అడ్వాన్సు ఇచ్చేముందు ఒక పని చెయ్యండి. ఆ రెండు డే కేర్‌లకూ ఫోన్ చేసి ‘మా బాబుకు సీటుందా?’ అని అడగండి. వెయిటింగ్ లిస్టు ఉందన్నారంటే నేను వేసిన 65 తప్పు. అలా తప్పయితే నాకు సంతోషమే.