తోడేలు బొమ్మ కుక్కలా ఎందుకు వస్తుంది?

తోడేలు బొమ్మ ఎంత జాగ్రత్తగా గీసినా చూసినవారు కుక్క బొమ్మ అనే అంటున్నారనీ, మట్టిలో చేసి చూసినా అదే మాట వినిపించిందనీ, బొచ్చు సరిగా గీయలేకపోవడమే దీనికి కారణమా అనీ మీరు అడిగారు. బెంగళూరులో ఉంటూ చాలాకాలంగా జంతువుల బొమ్మలు గీస్తున్నాను, అప్పుడప్పుడు మట్టి పనీ చేస్తుంటాను. నా అనుభవంలో లోపం బొచ్చులో ఉండదు. బొచ్చు దాకా రాకముందే, తొలి చిత్తు గీతల్లోనే అది తోడేలో కుక్కో తేలిపోతుంది.

ముందు ఛాతీ సంగతి చూడండి. ఎదురుగా నిలబడి చూస్తే తోడేలు ఛాతీ బాగా ఇరుకుగా ఉంటుంది. ముంగాళ్లు రెండూ దాదాపు ఒకే చోటి నుంచి దిగినట్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. మోచేతులు లోపలికి నొక్కుకుని, పంజాలు కాస్త బయటికి తిరిగి ఉంటాయి. మనం రోజూ చూసే పెంపుడు కుక్కల్లో చాలావాటికి ఛాతీ వెడల్పు, కాళ్ల మధ్య ఎడం ఎక్కువ. ఆ ఎడం గీసేశాక పైన ఎంత బొచ్చు పరిచినా ప్రయోజనం లేదు. రెండోది తల. పక్క నుంచి చూసినప్పుడు కుక్కకు నుదురు, మూతి కలిసే చోట మెట్టులాంటి మలుపు కనిపిస్తుంది. తోడేలుకు ఆ వాలు చాలా మెత్తగా సాగిపోతుంది. నడిచేటప్పుడు అది తలను వీపు మట్టానికే ఉంచుతుంది తప్ప కుక్కలా పైకెత్తి పెట్టుకోదు. తోక వీపు మీదికి చుట్టుకోదు, నేరుగా కిందికి వేలాడుతుంది. తోక మొదలుకు కాస్త దిగువన, పైభాగంలో గ్రంథి ఉన్న చోట ఒక నల్లని మచ్చ కూడా ఉంటుంది. కంటిపాప గుండ్రంగానే ఉంటుంది. భయంకరంగా కనిపించాలని నిలువు చీలిక పెట్టేవారు చాలామంది ఉన్నారు కానీ అది పిల్లి కన్ను.

ఎముకల అమరిక నేర్చుకోవడానికి మాత్రం మన వీధి కుక్కను మించిన గురువు లేదు. మధ్యాహ్నం పూట మా వీధిలో కార్ల నీడన పడుకున్నవాటిని చూసే నేను వెనకకాలు అర్థం చేసుకున్నాను. వెనక్కి మడిచిన మోకాలులా కనిపించేది నిజానికి మడమ. అసలు మోకాలు పొట్ట పక్కన, పైన ఉంటుంది. ఇది పట్టుబడ్డాక కాళ్లు పొడవు చేయడం, పంజాలు పెద్దవి చేయడం, ఛాతీ కుదించడం పెద్ద పని కాదు. ముందు పంజాలు వెనకవాటికంటే పెద్దవన్నది మరచిపోకండి.

ఇక మీరు ఏ తోడేలును గీస్తున్నారన్నది తేల్చుకోవాలి. ఇంటర్నెట్‌లో వెతికితే వచ్చే ఫొటోల్లో ఎక్కువ భాగం ఉత్తర అమెరికా, యూరప్ శీతాకాలానివి: మంచు, మెడ చుట్టూ దట్టమైన బొచ్చు, భారీ శరీరం. మన దక్కన్ మైదానాల్లో తిరిగేది వేరే ఉపజాతి. దాని బరువు సుమారు 17 నుంచి 25 కిలోలు. బొచ్చు పొట్టిది, వేసవిలో మరీ పలచబడుతుంది, అందువల్ల చెవులూ కాళ్లూ ఉన్నవాటికంటే పొడవుగా కనిపిస్తాయి. మంచు తోడేలును తెచ్చి ఎండుగడ్డి మధ్య నిలబెడితే, అనంతపురం మే నెల ఎండలో స్వెటర్ వేసుకుని తిరిగే మనిషిలా ఉంటుంది. తుమకూరు జిల్లా పావగడ వైపు తెలుగు మాట్లాడే గొర్రెల కాపరులు ఎక్కువ, అక్కడ ఒక పెద్దాయనకు ఫోనులో అలాంటి ఫొటో చూపిస్తే, "ఇది మా పక్కది కాదు సార్. మా తోడేలు బక్కగా ఉంటాది, తల కిందికేసుకొని పోతాది" అన్నాడు. శరీర నిర్మాణం గురించి నేను పైన అన్ని వాక్యాల్లో చెప్పినది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. రంగుల విషయానికి వస్తే, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు)లో కొంచెం బర్ంట్ అంబర్ (ముదురు గోధుమ) కలిపి ఒళ్లంతా పలచగా వేసి, వీపు పొడవునా వెంట్రుకల కొనలకు మాత్రమే నలుపు తగిలించండి. కాళ్ల లోపలి వైపు తెల్లబారి ఉంటుంది. బూడిద రంగు ఎంత తగ్గిస్తే అంత మంచిది.

ప్రాణంతో ఉన్న తోడేలును చూసి గీయాలంటే నాకు మైసూరు జూ అనుకూలించింది. ఆవరణలో ఉన్న తోడేలు కంచె వెంట ఒకే దారిన మళ్లీ మళ్లీ తిరుగుతుంది. చూడ్డానికి బాధగానే ఉంటుంది కానీ, గీసేవారికి ఆ తిరగడమే సదుపాయం. ఒకే పుటలో నాలుగైదు భంగిమలు మొదలుపెట్టి, అది మూల మలుపు తిరిగినప్పుడు ఒక బొమ్మకూ, నేరుగా వచ్చేటప్పుడు మరో బొమ్మకూ రెండేసి గీతలు చేరుస్తూ పోతే, కాసేపటికి అన్నీ ఒకేసారి తయారవుతాయి. అది చిన్న పరుగులాంటి నడకలో ఉన్నప్పుడు వెనక పంజా దాదాపు ముందు పంజా వదిలిన చోటనే పడటం గమనించండి. ఫొటోలో ఇది దొరకదు. అడవిలోనే చూడాలనుకుంటే మండ్య జిల్లాలోని మేలుకోటె అభయారణ్యం ఉంది, దాన్ని 1974లో ప్రధానంగా తోడేళ్ల కోసమే ఏర్పాటు చేశారు. అయితే బొమ్మ కోసం గుహల దాకా వెళ్లడం మాత్రం తగదు; పిల్లలున్న తల్లి బెదిరితే వాటిని వేరే చోటికి మోసుకుపోతుంది. పైగా తోడేలు వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జంతువు.

పాత పనుల్లో రెండింటిని శ్రద్ధగా చూడమంటాను. మొదటిది రోమ్‌లోని కాపిటోలైన్ మ్యూజియంలో ఉన్న కంచు ఆడతోడేలు. దాన్ని క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దపు ఎట్రుస్కన్ (ఇటలీలోని ఒక ప్రాచీన జాతి) పనిగా చాలాకాలం నమ్మారు. దాన్ని మరమ్మతు చేసిన ఆన్నా మరియా కర్రూబా అది మైనపు పద్ధతిలో (మైనపు బొమ్మ చుట్టూ అచ్చు కట్టి, మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోయడం) ఒకే పోతగా పోసినదనీ, ప్రాచీనులు పెద్ద కంచు విగ్రహాలను ముక్కలుగా పోసి అతికేవారనీ గుర్తించి ఆ కాలనిర్ణయాన్ని ప్రశ్నించారు. తరువాత వయసు తేల్చడానికి చేసిన రేడియోకార్బన్ పరీక్షలు క్రీస్తుశకం 11, 12 శతాబ్దాలను సూచించాయి. కింద పాలు తాగుతున్న కవల మనిషి పిల్లలు 15వ శతాబ్దం చివర చేర్చినవారే. ఆ వివాదం ఎలా ఉన్నా, మీకు కావలసిన పాఠం దాని ఒంటి మీదే ఉంది: బొచ్చు మెడ చుట్టూ, వెన్ను పొడవునా మాత్రమే చిన్న చిన్న ఉంగరాలుగా ఉంటుంది, మిగతా ఒళ్లంతా నున్నగా, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటుంది. అయినా దాన్ని కుక్క అన్నవారు లేరు. రెండోది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న, ఇటలీ చిత్రకారుడు సస్సెట్టా చిత్రం, 1437–44 మధ్య వేసినది. ఇటలీలోని గుబ్బియో ఊరిని పీడించిన తోడేలు క్రైస్తవ సాధువు సెయింట్ ఫ్రాన్సిస్ చేతిలో పంజా పెట్టి ఒప్పందం చేసుకుంటుంటే, పక్కన ఒక గుమాస్తా దాన్ని రాసుకుంటూ ఉంటాడు. అడవి దారిలో మాత్రం తిన్న మనుషుల ఎముకలు పడి ఉంటాయి. భయాన్ని జంతువు ముఖం మీద కాకుండా దారి మీద పెట్టిన ఆ నేర్పు నాకు చాలా ఇష్టం. పళ్లు బయటపెట్టిన తోడేళ్లూ, చందమామను చూసి ఊళవేసే తోడేళ్లూ ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. ఊళే కావాలనుకుంటే, అప్పుడు నోరు బార్లా తెరుచుకోదనీ, పెదవులు ముందుకు గుండ్రంగా వస్తాయనీ, చెవులు వెనక్కి వాలుతాయనీ గుర్తుంచుకుని గీయండి.

మట్టి విషయంలో మీ అసలు చిక్కు కాళ్లు. సన్నని నాలుగు కాళ్లు తడి ఒంటి బరువు మోయలేవు. మోయాలని లావు చేస్తే మళ్లీ కుక్కే తయారవుతుంది. లోపల తీగ చట్రం పెడితే, ఆరేటప్పుడు మట్టి కుదించుకుపోతుంది కానీ తీగ కుదించుకోదు కాబట్టి పగుళ్లు వస్తాయి. కాల్చాలనుకునే బొమ్మకు నేను పడుకున్న భంగిమనో, ఉబ్బెత్తు పలకనో (చదును పలక మీద బొమ్మ పైకి తేలేలా చేసేది) ఎంచుకుంటాను. పలక మీద పక్క నుంచి చూసిన తోడేలును చేస్తే తల వాలు, పొడవు కాళ్లు, వేలాడే తోక అన్నీ కనిపిస్తాయి, కాళ్లకు వెనక ఆధారమూ ఉంటుంది. నేను మట్టి బెంగళూరులోని పాటరీ టౌన్ కుమ్మరుల దగ్గర తెచ్చుకుంటాను. గులకలు లేకుండా మరోసారి పిసికి వాడాలి. నిలబడ్డ తోడేలే కావాలంటే, పొట్ట కింద మట్టి దిమ్మె ఆధారంగా పెట్టి, మట్టి సగం ఆరి తోలంత గట్టిపడ్డాక ఒంటిని నిలువుగా కోసి, లోపల తొలిచి, అదే మట్టిని నీళ్లలో బంకలా కలిపి దానితో అతికి, ఆ తరువాతే దిమ్మె తీయండి. దువ్వెన గీతలు ఒళ్లంతా లాగకండి. మెడకూ వెన్నుకూ చాలు. చెవులూ తోకా ఛాతీకంటే ముందే ఆరిపోయి అతుకు దగ్గర విడిపోతాయి కాబట్టి, ఛాతీ ఆరేదాకా వాటికి మాత్రం తడిగుడ్డ చుట్టి, పైన పాలిథిన్ కప్పి ఉంచండి.