పేలిపోతున్న మట్టి బుట్టకమ్మలు: కావలి అక్కకు సమాధానం

అక్కా, కాల్చిన 40 జతల మట్టి బుట్టకమ్మల్లో సగం పేలిపోయాయని, సంక్రాంతి ఆర్డర్లు ఎలా అందించాలో తోచడం లేదని రాశారు. చదివి మనసు చివుక్కుమంది. తప్పు మీ చేతిది కాదు, తేమది. మన నెల్లూరు తీరాన ఈశాన్య రుతుపవనాల వానలు డిసెంబరు దాకా వదలవు. పైకి తెల్లబడ్డ కమ్మ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. పొయ్యిలో పెట్టగానే ఆ నీరు ఆవిరై, బయటికి దారి లేక మట్టిని చీల్చుకుని వస్తుంది.

కమ్మను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే ఆ రోజు కాల్చవద్దు. నీడలో, పాత వార్తాపత్రికల మీద, రోజూ తిరగేస్తూ వారం ఆరనివ్వండి. ఫ్యాను నేరుగా తగిలితే ఒక పక్క ముందే ఆరి కమ్మ వంకరపోతుంది. కాల్చే రోజు మొదట గంటన్నర సన్నని సెగ చాలు, మంట ఆ తర్వాతే.

కొక్కెం దగ్గర పగుళ్లంటే మాత్రం కారణం వేరు. మట్టి ఆరుతూ కుంచించుకుంటుంది, తీగ కుంచించుకోదు. పచ్చి మట్టికి రంధ్రం మాత్రమే చేసి, తీగ కాల్చాక తొడగండి.

అరిసెలు వండే రోజు నగలు వంటింటి దరిదాపుల్లో ఉంచవద్దు. నూనె ఆవిరి పట్టిన మట్టికి రంగు అంటదు. సెలవులకు వచ్చిన పిల్లలకు జతలు కలిపే పని అప్పగించండి, వెంట్రుకవాసి తేడా కూడా వాళ్ల కళ్లకు ఇట్టే దొరుకుతుంది. ఇవ్వలేని ఆర్డర్లుంటే ఈరోజే ఫోను చేసి చెప్పేయండి అక్కా, భోగి ముందురోజు దాకా ఆగవద్దు.