చిన్న దేశానికి పాలసీతో పనవుతుందా?

ప్రశ్న: గనులు లేవు, చమురు లేదు, లోకల్ మార్కెట్ చిన్నది. అలాంటి దేశంలో ప్రభుత్వం పాలసీ మార్చితే గ్రోత్ వస్తుందా సార్, లేక పేపర్ మీద కబుర్లేనా?

జవాబు: వస్తుందండీ, కాకపోతే ఓపిక కావాలి. మారిషస్‌నే చూడండి, 1968లో స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడ చెప్పుకోడానికి చెరకు తప్ప పెద్దగా ఏం లేదు, గట్టి తుఫానొస్తే ఆ ఏడాది గోవిందా. 1970లో ఎక్స్‌పోర్ట్ ప్రాసెసింగ్ జోన్ చట్టం తెచ్చారు, బయటికి అమ్మే సరుకు చేస్తే మెషిన్ల మీదా ముడిసరుకు మీదా దిగుమతి సుంకం లేదన్నారు. తమాషా ఏంటంటే ఆ జోన్‌కి ప్రహరీ గోడే లేదు, దీవిలో ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టినా వర్తించేది. దాంతో బట్టల ఫ్యాక్టరీలు లేచాయి, అంతకుముందు జీతమే ఎరగని ఆడవాళ్లు వేలల్లో కుట్టుమెషిన్ల ముందు కూర్చున్నారు, చక్కెర లాభాలు కూడా కొన్ని అటే మళ్లాయి. అదృష్టం కూడా ఉందిలెండి, 1975లో యూరప్ దేశాలకీ, ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దేశాలకీ మధ్య కుదిరిన లోమే వాణిజ్య ఒప్పందంతో యూరప్ మార్కెట్ తలుపులు తెరుచుకున్నాయి. 2005లో ప్రపంచ టెక్స్‌టైల్ కోటాలు, అంటే ఏ దేశం ఎంత బట్ట ఎగుమతి చెయ్యొచ్చో పెట్టిన హద్దులు, ఎత్తేశాక పోటీ పెరిగి దెబ్బ తగిలింది, కానీ అప్పటికే టూరిజం, బ్యాంకింగ్ వైపు అడుగులేసేశారు.

సింగపూర్ కథ మీకు తెలిసిందే, బురదనేల జురాంగ్‌ని ఇండస్ట్రియల్ ఎస్టేట్ చేస్తానంటే అప్పటి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీని చూసి నవ్వారు, చివరికి ఆయన మాటే నెగ్గింది.

ఇక పసిఫిక్‌లోని బుల్లి దీవి దేశం నౌరు సంగతి ఉల్టా, ఎరువుల్లో వాడే ఫాస్ఫేట్ ఖనిజం అమ్మి డబ్బు కుప్పలుగా వచ్చింది, కానీ చెత్త పెట్టుబడుల్లో కరిగిపోయింది.