స్టెప్నీ ఊడిపడింది: మీ కేసంతా ఆ విరిగిన బ్రాకెట్‌లోనే ఉంది

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. మాది ఖమ్మం జిల్లా. భార్యతో కలిసి కాశీ, బదరీ చూసి రావాలన్నది ఎన్నో ఏళ్ల కోరిక. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో రూ.6.5 లక్షలు పెట్టి, పొరుగు రాష్ట్రంలోని ఒక బాడీ బిల్డింగ్ షెడ్డులో మా వ్యాన్‌ను క్యారవాన్‌గా మార్పించాను. బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం అన్నారు, వద్దన్నాను. 2024 ఆగస్టులో బండి అప్పగించారు. కింద స్టెప్నీ ఉండే చోట నీళ్ల ట్యాంకు పెట్టి, స్టెప్నీని బ్రాకెట్‌తో వెనుక తలుపుకు బిగించారు. 2025 జనవరిలో నాగ్‌పూర్ దారిలో బ్రాకెట్ విరిగి అది రోడ్డు మీద పడింది. వెనుక వస్తున్న కారు దెబ్బతింటే అక్కడికక్కడే రూ.18 వేలు ఫోన్‌లో పంపాను. నా భార్య ఆ రాత్రంతా చలిలో ఏడుస్తూ కూర్చుంది. షెడ్డు యజమాని మొదట ‘గుంతల్లో వేగంగా నడిపారు’ అన్నాడు. తర్వాత ‘ఈ రోజుల్లో స్టెప్నీ తప్పనిసరి కాదు’ అన్నాడు. ఇప్పుడు విరిగిన ముక్కలతో సహా బండి తెస్తే ఉచితంగా వెల్డింగ్ చేస్తానంటున్నాడు. స్టెప్నీని దొంగలు ఎత్తుకెళ్లారని బీమా క్లెయిము పెట్టమని ఒక మిత్రుడు చెబుతున్నాడు. షెడ్డు యజమానిపై చీటింగ్ కేసు పెట్టవచ్చా?

జవాబు: పెట్టినా నిలవదు. మోసం నేరం కావాలంటే ఒప్పుకున్న రోజునే ఎగవేసే ఉద్దేశం ఉండాలి. పని చేతకాక చెడగొట్టడం సేవాలోపం. దానికి చోటు జిల్లా వినియోగదారుల కమిషన్.

మీ పూర్తి ఉత్తరంలో సగం ఆ రాత్రి గురించే ఉంది. ఫిర్యాదులో దానికి మానసిక వేదన కింద ఒక పేరా సరిపోతుంది. కేసును తేల్చేది ఒకటే విషయం: బ్రాకెట్ ఎందుకు విరిగింది? బిగింపులో లోపం వల్లనా, మీరు నడిపిన తీరు వల్లనా? దీనికి మీ మాట, అతని మాట రెండూ చాలవు. విరిగిన ఇనుము చెప్పాలి.

వ్యాన్ స్టెప్నీ తేలికైన వస్తువు కాదు. దాన్ని తలుపుకు వేలాడదీస్తే ప్రతి కుదుపుకూ ఆ బరువంతా పల్చటి రేకు మీద, తలుపు కబ్జాల మీద పడుతుంది. బాధ్యత తెలిసినవారు ఆ బరువును ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి చేరేలా విడిగా ఒక ఆసరా కడతారు. మీ దగ్గరున్న ముక్కల్లో విరిగిన అంచు చూడండి. కొంత భాగం తుప్పుపట్టి నల్లబడి, మిగతాది కొంత మెరుపుతో ఉంటే, పగులు చాలాకాలం క్రితమే మొదలై ఆ రోజు పూర్తిగా తెగిందన్నమాట. ఆ పగులు వెల్డింగ్ అంచు దగ్గరే మొదలైనట్లు తేలితే ‘గుంతల్లో వేగం’ వాదన బలహీనపడుతుంది. అయితే అది నిర్ణయించాల్సింది మీరూ నేనూ కాదు, నిపుణుడు. అందుకే ఆ ముక్కల్ని కడగవద్దు, తుప్పు గీకవద్దు, రెండు అంచులనూ కలిపి సరిపోతాయా అని చూడవద్దు. పొడి గుడ్డలో చుట్టి భద్రపరచండి.

ఉచిత వెల్డింగ్ అంటే అర్థమైందా? బండీ ముక్కలూ అతని షెడ్డులోకి వెళ్లిన మరుక్షణం మీ సాక్ష్యం అతని చేతిలో ఉంటుంది. నిపుణుడు చూసి నివేదిక రాసేవరకు ఆ తలుపు మీద ఎవరినీ చేయి వేయనివ్వకండి. ప్రభుత్వ ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ విభాగం అధ్యాపకుడితోనో, లైసెన్సున్న వాహన బీమా సర్వేయర్‌తోనో పరీక్ష చేయించి, ఫోటోలతో నివేదిక, దానికి తోడు అఫిడవిట్ తీసుకోండి. అవతలివారు కాదంటే ప్రయోగశాలకు పంపమని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషన్‌నే కోరవచ్చు.

దొంగతనం క్లెయిము జోలికి మాత్రం పోకండి. అబద్ధపు క్లెయిముతో డబ్బు తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల వరకు జైలు పడే నేరం. పైగా స్టెప్నీ దొంగలు ఎత్తుకెళ్లారని మీరే సంతకం పెట్టాక, అదే స్టెప్నీ విరిగిపడిందని కమిషన్‌కు ఏ ముఖంతో చెబుతారు? షెడ్డు యజమాని లాయరు ఆ ఒక్క కాగితంతో మిమ్మల్ని ఇంటికి పంపిస్తాడు.

ఇక కాలపరిమితి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ రెండేళ్లే ఇస్తుంది. బ్రాకెట్ విరిగిన రోజు నుంచి లెక్కిస్తే 2027 జనవరి అని మనం వాదించవచ్చు. బండి అప్పగించిన రోజు నుంచి లెక్కించాలని అవతలివారు వాదిస్తారు. ఆ వాదనకు చోటివ్వకుండా 2026 ఆగస్టు లోపే ఫిర్యాదు దాఖలు చేయండి. అతను ఫోన్‌లో ‘చేస్తాను, చేస్తాను’ అన్నంత మాత్రాన గడువు పెరగదు. నోటీసు ఇచ్చినా పెరగదు.

జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదిలేశారు. ఇంత చదువుకుని రూ.6.5 లక్షల పనికి చిన్న కాగితం కూడా లేకుండా డబ్బెలా ఇచ్చారు? ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటు, వాట్సాప్ సందేశాలే దిక్కు. ఆ ఫోను మార్చకండి, సందేశాలు చెరపకండి. వాటిని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ పత్రం జతచేయండి. వెనకటి తేదీతో బిల్లు రాయించుకునే ఆలోచన వస్తే వెంటనే మానుకోండి. కారు యజమానికి డబ్బిచ్చేముందు బీమా కంపెనీకి చెప్పాల్సింది. కనీసం ఇప్పుడైనా అతని దగ్గర రసీదు, మరమ్మతు బిల్లు సంపాదించండి.

ఆర్‌సీ గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. అంటే నమోదు చేయించలేదనే అనుకుంటాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇలాంటి మార్పుకు ఆర్టీఏ అనుమతి ఉండాలి. లేకుంటే 182ఎ(4) కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు లేదా ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అవతలివారు మొదట పట్టుకునేది ఇదే. కాబట్టి ముందే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి పరిస్థితి చక్కదిద్దుకోండి.

స్టెప్నీ తప్పనిసరి కాదన్న వాదన ఇక్కడ పనికిరాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020లో చేసిన సవరణ మినహాయింపు ఇచ్చింది తొమ్మిది సీట్లు, 3.5 టన్నులు మించని వాహనాలకు, అదీ టైరు గాలి ఒత్తిడి తెలిపే ఏర్పాటు, పంక్చర్ కిట్ ఉంటేనే. అవన్నీ ఉన్నాయనుకున్నా, బిగిస్తానని డబ్బు తీసుకున్నాక సరిగా బిగించాల్సిన బాధ్యత అతనిదే.

మీరు పొరుగు రాష్ట్రానికి తిరగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే, అంటే ఖమ్మంలోనే, ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షలకు పైన, రూ.10 లక్షల లోపు కనుక రుసుము రూ.200. నివేదిక చేతికి రాగానే పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో లాయర్ నోటీసు పంపండి. బిగింపు సరిచేయడానికయ్యే ఖర్చు, కారు యజమానికి ఇచ్చిన రూ.18 వేలు, పరిహారం, కోర్టు ఖర్చులు విడివిడిగా కోరండి. పరీక్ష పూర్తయ్యాక స్టెప్నీని వేరేచోట ఛాసిస్ ఆసరాతో బిగించుకోండి. ఈసారి జీఎస్టీ కట్టి బిల్లు తీసుకోండి. కమిషన్ ముందు నష్టం లెక్కకు అదే ఆధారం.