అనంతపురం ఎండకు ఆగే మన మొక్కలు

ప్రశ్న: మాది అనంతపురం. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పున మొరం కలిసిన ఎర్రనేల ఉంది. బోరు నీళ్లకు బకెట్లు తెల్లగా ఉప్పు కడతాయి. నర్సరీ మందారాలు, గులాబీలు పసుపెక్కి మే నెలకల్లా ఎండిపోతున్నాయి. ఈ ప్రాంతపు మొక్కలు పెడితే బతుకుతాయా?

జవాబు: బతుకుతాయి. అయితే పాతవి ఎందుకు పోయాయో ముందు తెలియాలి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైతే నేలలో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. లేత ఆకు పసుపుగా, ఈనెలు పచ్చగా ఉంటే కారణం అదే. ఇక నర్సరీ కవర్లోని మట్టి సంగతి. గోదావరి ఒండ్రులో పెరిగిన మొక్కను మొరంలో అలాగే దింపితే ఆ ముద్ద ఎండి ఇటుకలా బిగుసుకుంటుంది, పోసిన నీరు పక్క నుంచి జారిపోతుంది. ఏ మొక్క కొన్నా 10 నిమిషాలు నీళ్లలో ముంచి, ముద్ద అంచులు వేళ్లతో వదులు చేసి నాటండి.

మీ స్థలానికి తంగేడును మించింది లేదు. సాధారణంగా 5, 6 అడుగులు పెరుగుతుంది, మేకలు ముట్టవు. విత్తనం పెంకు గట్టిది కాబట్టి గరుకు కాగితంపై రుద్ది రాత్రంతా నానబెట్టండి. ఉబ్బిన గింజల్ని 4 అడుగుల ఎడంగా, గుంతకు మూడేసి చొప్పున నేరుగా విత్తి, తర్వాత బలమైనది ఒకటే ఉంచండి. కవర్లో పెంచితే తల్లివేరు చుట్టుకుంటుంది. ఆకులు తినే పచ్చ పురుగులు సీతాకోకచిలుకల పిల్లలు, దయచేసి మందు కొట్టకండి. చెట్టు మళ్లీ చిగురిస్తుంది.

గేటు మూలన వావిలి పెట్టండి. వానాకాలంలో పెన్సిలు లావు కొమ్మ జానెడు కోసి గుచ్చితే చాలు. గోడ మీదికి నల్లేరు పాకించండి. మూడు కణుపుల ముక్కను రెండు రోజులు నీడలో ఆరనివ్వాలి. పచ్చడికీ పనికొస్తుంది, కోసేటప్పుడు మాత్రం చేతులు దురద పెడతాయి. వేప, కానుగ 10 అడుగుల వెడల్పులో వద్దు.

జులై చివర నాటితే సెప్టెంబరు వానలు అందుతాయి. అడుగున్నర గుంతలో తీసిన మట్టి 3 పాళ్లు, మాగిన పశువుల ఎరువు 1 పాలు కలపండి. ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు. నాటు మొక్క నీళ్లడగదని వదిలేసేవాళ్లు చాలామంది. అలా వదిలేస్తే మొదటి వేసవిలోనే పోతుంది. రోజూ చెంబెడు పోసినా తప్పే, వేళ్లు పైపైనే ఉండిపోతాయి. వాన లేకుంటే మొదటి రెండు నెలలు 4 రోజులకోసారి 5 లీటర్లు, ఆపైన వారానికి 10 లీటర్లు పోయండి. రెండో వేసవికి 15 రోజులకోసారి సరిపోతుంది. పాదులో 2 అంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరవండి. కాండానికి ఆనిస్తే చెద పడుతుంది, జానెడు దూరం వదలండి.

ప్రశ్న: కడపలో ఇంటి వెనక ఎర్రచందనం పెంచవచ్చా?

జవాబు: పెంచవచ్చు. శేషాచలం, పాలకొండల సొంత చెట్టది. ఎండకు ఆగుతుంది కానీ నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. నల్లరేగడి అయితే మట్టికట్ట పోసి ఎత్తు మీద నాటండి. గోడకు 15 అడుగుల దూరం ఉండాలి. మీ పెరట్లోదే అయినా నరకడానికీ, తరలించడానికీ అటవీశాఖ అనుమతి తప్పనిసరి.