ఆక్స్‌ఫర్డ్ ఉద్యోగం టోల్కీన్ కథలకు అడ్డమైందా?

'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' రాసిన టోల్కీన్ ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోనే చదివి, అక్కడే ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు కదా, ఆ ఉద్యోగం లేకపోతే ఇంకా ఎక్కువ కథలు రాసి ఉండేవారా అని మీరు అడిగారు. ఎం.ఏ.లో ఆంగ్ల భాషా చరిత్ర చదివి, తరువాత అదే పేపరును చాలాకాలం బోధించినవాడిగా నా అభిప్రాయం చెబుతాను: ఆ చదువు, ఆ ఉద్యోగం లేకపోతే మనకు తెలిసిన ఆ కథలే ఉండేవి కావు.

1911లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సెటర్ కళాశాలలో చేరినప్పుడు ఆయన తీసుకున్నవి గ్రీకు, లాటిన్. 1913 పరీక్షలో రెండో శ్రేణి మాత్రమే వచ్చింది గానీ, తులనాత్మక భాషాశాస్త్రం (భాషలను ఒకదానితో ఒకటి పోల్చి వాటి చరిత్రను తేల్చే శాస్త్రం) పేపరులో చాలా మంచి మార్కు వచ్చింది. దాన్ని గమనించిన కళాశాల పెద్దలు ఆయనను ఆంగ్ల విభాగానికి మారనిచ్చారు. ఒక్క పేపరును చూసి విద్యార్థి దారి మార్చగలిగిన ఆ పెద్దల చూపుకు, అధ్యాపకుడిగా నేను ఇప్పటికీ నమస్కరిస్తాను. ఆ శాస్త్రాన్ని ఆయనకు బోధించిన జోసెఫ్ రైట్ చిన్నతనంలో మిల్లులో పనిచేసి, పదిహేనేళ్ల వరకు చదవడం రాయడం తెలియకుండా పెరిగి, ఆచార్య పదవికి చేరిన మనిషి. ఆ రోజుల్లోనే కళాశాల గ్రంథాలయంలో దొరికిన ఫిన్నిష్ వ్యాకరణం టోల్కీన్‌ను పట్టుకుంది. తన కథల్లోని ఎల్ఫులనే కాల్పనిక జాతి కోసం ఆయన కల్పించిన భాషల్లో ఒకదాని శబ్దసౌందర్యానికి మూలం అదే. 1915లో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులై, మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి, 1916లో ఫ్రాన్స్‌లోని సోమ్ రణరంగం నుంచి జబ్బుతో తిరిగివచ్చారు.

యుద్ధం ముగిశాక ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కార్యాలయంలో డబ్ల్యూ అక్షరపు మాటల మీద పనిచేశారు. 'వాల్రస్' అనే ఒక్క మాట పుట్టుకను తేల్చడానికి పలుమార్లు తిరగరాసిన చీటీలు ఇంకా భద్రంగా ఉన్నాయి. ఒక మాట వెనుక ఏ జాతి, ఏ వలస, ఏ ఉచ్చారణ మార్పు ఉన్నాయో వెతికే ఈ అలవాటే కథల్లో తలకిందులైంది: ఆయన ముందు భాషను కల్పించి, దాన్ని మాట్లాడే ప్రజలను, వారి చరిత్రను ఆ తరువాత కల్పించారు.

లీడ్స్ విశ్వవిద్యాలయంలో కొన్నేళ్లు గడిపి, 1925లో ఆంగ్లో-శాక్సన్ (అంటే ప్రాచీన ఆంగ్లం) ఆచార్యుడిగా ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగివచ్చారు. నియమం ప్రకారం ఏడాదికి 36 ఉపన్యాసాలు ఇస్తే చాలు, కానీ తొలి ఏళ్లలో అంతకు ఎన్నో రెట్లు ఇచ్చారు. మాటలు నోట్లోనే నమిలేస్తారని విద్యార్థులు ఫిర్యాదు చేసేవారు. అదే మనిషి ప్రాచీన ఆంగ్ల వీరకావ్యం బేవుల్ఫ్ ఆరంభాన్ని గొంతెత్తి చదివితే తరగతి స్తంభించిపోయేది. అక్కడ విన్న కవి ఆడెన్ ఆ అనుభవాన్ని జీవితాంతం మరువలేదు. 1936లో ఆ కావ్యం మీద టోల్కీన్ ఇచ్చిన ఉపన్యాసంలో, పండితులు పక్కన పెట్టిన రాక్షసులూ డ్రాగనూ ఆ కావ్యానికి గుండెకాయలని వాదించారు. మరుసటి ఏడాదే ఆయన పిల్లల నవల 'ది హాబిట్' వెలువడింది. అందులోని డ్రాగన్ నిద్రిస్తుండగా దొంగ ఒక గిన్నె ఎత్తుకుపోవడం బేవుల్ఫ్ నుంచి వచ్చిన ఘట్టమే.

ఆ పుస్తకపు మొదటి వాక్యం కూడా ఉద్యోగం పెట్టిన భిక్షే. ఇంటి ఖర్చుల కోసం వేసవుల్లో స్కూలు పరీక్షల జవాబు పత్రాలు దిద్దుతూ, ఒక విద్యార్థి ఖాళీగా వదిలిన పేజీ మీద ఆ వాక్యం రాశారు. స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చున్నవారికి తెలుస్తుంది: ఒకే ప్రశ్నకు ఒకే రకం జవాబులు పొద్దుటినుంచి చదివి, కట్టలో తెల్లకాగితం తగిలితే మనసుకు ఎంత ఊపిరి అందుతుందో.

సమయం తినేసిన మాట మాత్రం నిజం. పెద్ద నవల 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' మొదలుపెట్టిన పదిహేడేళ్లకు, 1954లో గానీ తొలి సంపుటం రాలేదు. పండిత గ్రంథాలు తగినన్ని రాయలేదని సహోద్యోగులూ నొచ్చుకున్నారు. 1972లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది కథలకు కాదు, భాషాశాస్త్ర సేవకు. ఆ రెండింటినీ వేరుచేసి చూడటం నాకు ఎప్పుడూ సాధ్యం కాలేదు.