‘ఏ పేట?’ అని అడిగి బండి ఆపితే

ప్రశ్న: లాయరు గారూ, మాది కోనసీమలో ఒక ఊరు. పేర్లు వేయకండి. రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీ చేస్తాను. రాత్రి పదకొండింటికి కాలువ గట్టు మీదుగా బండి మీద వెళ్తుంటే లాకుల దగ్గర పోలీసులు ఆపుతారు. లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు అన్నీ ఉన్నాయి. అవి చూడకముందే "ఏ ఊర్రా? ఎవరబ్బాయివి? ఏ పేట?" అంటారు. పేట పేరు చెప్పగానే బండి పక్కన పెట్టమంటారు. నా వెనకాల వచ్చినవాళ్ళు "ఫలానావారి తాలూకా అండి" అంటే చాలు, పంపేస్తారు. ఒకసారి బండి బాక్సులో ఉన్న చెరువు మందు ప్యాకెట్లు విప్పి వాసన చూశారు. ఇంకోసారి ఫోన్ లాకు తీయించి వాట్సాప్ చూశారు, నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. కిందటి వారం "రోజూ నన్నే ఎందుకు ఆపుతారండి" అన్నందుకు తాళం లాక్కుని, స్టేషన్‌కి తీసుకెళ్ళి, తెల్లవారుజామున మూడింటికి వదిలారు. కేసు లేదు, కాగితం లేదు. ఆ రాత్రి కూలి పోయింది. పేటలో కుర్రాళ్ళు రోడ్డు మీద కూర్చుందామంటున్నారు. మా నాన్న మాత్రం "గల్ఫ్‌కి వెళ్ళాల్సినవాడివి, పాస్‌పోర్టు ఎంక్వైరీలో పేరు చెడిపోద్ది, ఊరుకో" అంటున్నాడు. వాళ్ళకి ఇంత అధికారం ఉందా? నేనేం చేయాలి?

జవాబు: మీరు దీన్నంతా ఒకే గొడవగా రాశారు గానీ, చట్టం దగ్గరికి వచ్చేసరికి ఇవి ఆరు వేరువేరు పనులు. బండి ఆపడం, కాగితాలు అడగడం, బాక్సు విప్పడం, ఫోన్ చూడడం, ఫోటో తీయడం, స్టేషన్లో కూర్చోబెట్టడం. ఒకదానికి అధికారం ఉంది కదా అని రెండోదానికి దానంతటదే రాదు. మన దగ్గర జరిగేది మాత్రం, బండి ఆపిన చేత్తోనే ఫోన్ దాకా వెళ్ళిపోవడం.

బండి ఆపి కాగితాలు అడగడంలో పోలీసులది తప్పు లేదు. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అడిగినా లైసెన్సు చూపించాల్సిందే. కానిస్టేబులే కదా అని వాదించకండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూలు ప్రకారం డిజిలాకర్‌లోనో, ఎం పరివాహన్ యాప్‌లోనో ఉన్నవి చూపించినా చెల్లుతాయి. జిరాక్సులు చెల్లవు. డిజిలాకర్ చూపించేటప్పుడు ఫోన్ మీ చేతిలోనే పెట్టుకుని చూపించండి.

తాళం లాక్కునే అధికారం మాత్రం ఆ చట్టంలో ఎక్కడా లేదు. బండిని పట్టుకునే అధికారం సెక్షన్ 207లో ఉంది. అది లైసెన్సు లేకపోతే, రిజిస్ట్రేషన్ లేకపోతే, పర్మిట్ లేకపోతే. అన్నీ ఉన్న మీ బండికి అది వర్తించదు. దొంగసొత్తు అన్న అనుమానంతో పట్టుకుంటే ఆ సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఏదైనా సరే కాగితం మీద జరగాలి.

ఊరు, పేరు చెప్పండి. అబద్ధం మాత్రం చెప్పకండి, అది వేరే నేరమవుతుంది. ఏ పేట అన్నదానికి జవాబు చెప్పి తీరాలని ఏ సెక్షనూ లేదు. ఆధార్‌లో ఉన్న అడ్రసు చెప్పి ఊరుకోండి. మన జిల్లాల్లో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు, అడిగినవాడికీ తెలుసు.

ఇక బాక్సు సంగతి. దారిన పోయేవాణ్ణి ఊరికే ఆపి ఒళ్ళంతా తడిమే సాధారణ అధికారం మన చట్టంలో లేదు. అరెస్టు చేశాక సోదా చేయవచ్చు. గంజాయి మీద అనుమానముంటే మాత్రం మాదకద్రవ్యాల చట్టం 1985, సెక్షన్ 43 ప్రకారం బహిరంగ స్థలంలో సోదా చేసే వీలుంది. అప్పుడు కూడా నమ్మడానికి ఒక కారణం ఉండాలి, పేట పేరు కారణం కాదు. ఆ చట్టం కింద ఒళ్ళు వెతకాల్సి వస్తే, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేటు ముందో వెతకమని అడిగే హక్కు మీకుందని ముందుగా మీకు చెప్పాలి. అది సెక్షన్ 50. సంచికి, బండి బాక్సుకి ఈ రక్షణ వర్తించదని సుప్రీంకోర్టు 2005లోనే తేల్చింది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. వస్తువు ఏదైనా స్వాధీనం చేసుకుంటే, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 105 ప్రకారం వీడియో తీయాలి. మీరు చేయగలిగింది చిన్నదే. చెరువు మందులు విడి కవర్లలో పోసుకు తిరగకండి. కంపెనీ ప్యాకెట్ అలాగే ఉంచి, షాపు బిల్లు అందులోనే పెట్టండి. రాత్రి పదకొండింటికి టార్చి వెలుతురులో తెల్లపొడి ఏదైనా ఒకలాగే కనిపిస్తుంది.

ఫోన్ దగ్గర మాత్రం నేను గట్టిగా చెబుతాను: ఇవ్వనక్కర్లేదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. నమోదైన కేసు ఉండి, దర్యాప్తులో భాగంగా పద్ధతి ప్రకారం స్వాధీనం చేసుకోవడం వేరు. రోడ్డు పక్కన వాట్సాప్‌లో ‘గంజాయి’ అని టైపు చేసి వెతకడం వేరు. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో సరిగ్గా ఇదే జరిగి, వీడియోలు బయటికొచ్చి గోల అయింది. బలవంతం ఏమీ లేదు, వాళ్ళే చూపిస్తున్నారన్నది అప్పట్లో పోలీసుల జవాబు. కిటుకంతా అక్కడే ఉంది. మీరు నోరు మెదపకుండా లాకు తీసిస్తే, ఇష్టపడి ఇచ్చినట్టే రాసుకుంటారు. "సార్, ఫోన్ ఇవ్వడం నాకు ఇష్టం లేదండి. కేసేమైనా ఉంటే నోటీసు ఇవ్వండి, లాయరుతో వస్తాను" అని ఒక్కసారి, గొంతు పెంచకుండా అనండి. అయినా లాక్కుంటే పెనుగులాడకండి. చెయ్యి తగిలిందంటే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 132, అంటే పాత 353, డ్యూటీలో ఉన్న ఉద్యోగి మీద చెయ్యి చేసుకోవడం. నాన్‌బెయిలబుల్. మన కుర్రాళ్ళు చాలామంది చిక్కుకునేది అసలు విషయంలో కాదు, ఇక్కడే.

ఫోటో, వేలిముద్రల విషయంలో 2022లో వచ్చిన నేర విచారణ గుర్తింపు చట్టం ఉంది. అది శిక్ష పడినవాళ్ళకి, అరెస్టయినవాళ్ళకి, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్ళకి, మేజిస్ట్రేటు ఆదేశిస్తే ఇతరులకీ వర్తిస్తుంది. డ్యూటీకి పోయేవాడికి కాదు. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ రోడ్డు మీద మాస్కు తీయించి తన ఫోటో తీశారని ఒక సామాజిక కార్యకర్త తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళారు. మీ ఫోటో ఏ చట్టం కింద తీశారు, ఎక్కడ దాచారు అన్న ప్రశ్న అర్జీలో తప్పకుండా రాయండి.

అన్నిటికంటే బరువైనది ఆ నాలుగు గంటలు. ‘కాసేపు కూర్చోబెట్టాం’ అన్నది చట్టంలో లేని మాట. మనిషిని కదలనివ్వకపోతే అది నిర్బంధం. దానికి కారణం చెప్పాలి, ఇంట్లోవాళ్ళకి కబురు చేయాలి, స్టేషన్ రికార్డులో ఎక్కించాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ షరతులు ఇప్పుడు నాగరిక సురక్షా సంహితలో 36, 47, 48 సెక్షన్లలో ఉన్నాయి. అయితే పోలీసులు ఏం చెబుతారో కూడా ముందే తెలుసుకోండి. కొత్త సంహితలో సెక్షన్ 172 అని ఒకటి చేరింది. నేరాలు జరగకుండా చూసే విధుల్లో పోలీసు ఇచ్చిన చట్టబద్ధమైన ఆదేశాన్ని పాటించనివాణ్ణి అదుపులోకి తీసుకుని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్ళవచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వదిలేయవచ్చు. నా ఉద్దేశంలో ఈ సెక్షన్ పోలీసు చేతికి అవసరానికి మించిన వదులు ఇచ్చింది. కానీ అందులో ‘చట్టబద్ధమైన’ అని ఉంది కదా. ఎందుకు ఆపుతున్నారని అడగడం ఏ ఆదేశాన్నీ ధిక్కరించడం కాదు. మీ తరఫున ఎవరు వాదించినా పట్టుకోవాల్సింది దీన్నే.

దానికి సాక్ష్యం స్టేషన్‌లోనే ఉంది. ప్రతి స్టేషన్‌లో గేటు నుంచి లాకప్ దాకా కెమెరాలు ఉండాలని, రికార్డింగు 18 నెలలు, అది కుదరకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఆదేశించింది. కాబట్టి ఆలస్యం చేయకుండా, తేదీ, వేళ రాసి, ఆ ఫుటేజీ చెరిపేయవద్దని ఎస్పీకి ఒక లెటరు, అదే ఫుటేజీ కోరుతూ సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. ‘కెమెరా పనిచేయలేదు’ అని జవాబొస్తే అదీ రాతపూర్వకంగా రానివ్వండి. కోర్టులో ఆ ఒక్క లైను కూడా పనికొస్తుంది.

ఇక మీరు సగం రాసి సగం మింగిన విషయం, కులం. మీరు ఎస్సీ అయి, ఆపినవారు ఎస్సీ, ఎస్టీ కాకుండా, పదిమంది చూసేచోట కులం పేరుతో తిట్టి ఉంటే, 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద కేసు అవుతుంది. రోడ్డు బహిరంగ స్థలమే. 2020 జూలైలో సీతానగరం స్టేషన్‌లో దళిత యువకుడికి శిరోముండనం చేసిన కేసులో ఎస్సైని ఈ చట్టం కిందే అరెస్టు చేశారు, గోదావరి జిల్లాల్లో ఎవరూ మర్చిపోలేదు. కానీ "ఏ పేట?" అని అడిగినంత మాత్రాన ఈ కేసు నిలవదు. లేని తిట్టు చేర్చి రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ దాంతోపాటే పోతాయి.

ఒక్కణ్ణి ఒక్కరాత్రి ఆపితే వివక్ష అని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. ఇంగ్లండులో 1984 చట్టం ప్రకారం రోడ్డు మీద సోదా చేస్తే పోలీసు దాన్ని రికార్డు చేయాలి, సోదా అయినవాడు నకలు అడగవచ్చు. ఇక్కడ ఫైను వేస్తేనే చలానా వస్తుంది, ఊరికే నిలబెట్టి వదిలేస్తే గుర్తు ఏదీ మిగలదు. అందుకని ఆ లెక్క మీరే రాయాలి. పేటలో ఆపించుకున్న ప్రతి కుర్రాడూ ఒకే నోటుబుక్కులో, అదే రోజు రాయండి: తేదీ, వేళ, ఏ లాకు, జీపు నంబరు, చొక్కా మీద పేరు, ఏం అడిగారు, ఎంతసేపు ఉంచారు, ఎవరిని వదిలేశారు. మీ చెరువు దగ్గర డ్యూటీ రిజిస్టరు ఉంటుంది కదా, అందులో ఆలస్యంగా వచ్చిన వేళ మేనేజరు చేత వేయించండి. రెండు మూడు నెలల్లో ఆ పుస్తకం చెప్పేది ఏ లాయరూ చెప్పలేడు. రాజ్యాంగంలోని 14, 15, 21 అధికరణలు పట్టుకుని హైకోర్టుకి వెళ్ళాలన్నా అదే పునాది.

అవతలివైపు మాట కూడా ఒకటి. చెరువుల మీద మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్ల రాగి తీగ పోతున్నాయని, రాత్రి గస్తీ పెంచమని అడిగేది మన రైతులే. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టడం మీద గొడవై అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాక పోలీసుల జాగ్రత్త పెరిగితే అదీ వింత కాదు. లాకు దగ్గర అర్ధరాత్రి నిలబడ్డ కానిస్టేబులుకి ఎవరిని ఆపాలో చెప్పే కాగితం ఏదీ ఉండదు. తన కళ్ళే ఆధారం, ఆ కళ్ళు ఊళ్ళో పెరిగినవే. తేడా అక్కడే పుడుతోంది. అందరినీ ఆపితే మీకు పది నిమిషాలు ఆలస్యం, అంతే. పేట పేరు విని ఆపితే అది గస్తీ కాదు.

రోడ్డు మీద కూర్చోవడం గురించి మీ నాన్నగారి భయంలో సగం నిజముంది. మన దగ్గర పోలీసు చట్టం సెక్షన్ 30, అంటే సభలకీ ఊరేగింపులకీ ముందే అనుమతి కావాలనేది, అమల్లో ఉందని తరచుగా ప్రకటిస్తారు, నాగరిక సురక్షా సంహిత 163, అంటే పాత 144, పెట్టడం కూడా క్షణం పని. అనుమతి లేకుండా బైఠాయిస్తే కేసు కట్టడానికి వాళ్ళకి మీరే వీలిచ్చినట్టు. పాస్‌పోర్టు చట్టం 1967, సెక్షన్ 6 ప్రకారం కోర్టులో క్రిమినల్ కేసు నడుస్తుంటే పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. రోడ్డు మీద ఆపించుకున్నందుకు, ఫోటో తీయించుకున్నందుకు, ఎస్పీకి అర్జీ పెట్టినందుకు ఆ అడ్డు రాదు. ఊరుకుంటే గల్ఫ్ దారి బాగుంటుందనేది ఆయన పొరపాటు. ఇంకో జాగ్రత్త: స్టేషన్‌లో గానీ తహసీల్దారు దగ్గర గానీ బైండోవర్ కాగితం, అంటే ఇకమీద గొడవ చేయనని పూచీ రాయించుకునేది, ముందు పెడితే, చదవకుండా, లాయరుకి చూపించకుండా సంతకం చేయకండి.

ముందుగా అమలాపురంలో ఎస్పీ గారి దగ్గర సోమవారం అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి వెళ్ళండి. అన్యాయంగా నిర్బంధించడం కేసు కట్టదగిన నేరమే కాబట్టి, స్టేషన్ తీసుకోకపోతే నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173(4) కింద ఎస్పీకి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటుకి. పోలీసు డ్యూటీలో చేసిన పని మీద ఫిర్యాదైతే మేజిస్ట్రేటు మొదట పైఅధికారి నివేదిక తెప్పించుకుంటారు, కొంత జాప్యం తప్పదు. మానవ హక్కుల కమిషన్‌కి ఏడాదిలోపు రాయవచ్చు. లాయరు ఫీజు గురించి ఆగకండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కమిటీని అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

అర్జీ ఒక్క పేజీ దాటనివ్వకండి. కోపం మాటలు తీసేసి, కిందటి వారం రాత్రి ఎన్నింటికి ఆపారు, ఎన్నింటికి వదిలారు, తాళం ఎవరు తీశారు, ఇంటికి ఫోన్ చేయనిచ్చారా లేదా అన్నవి వరసగా రాయండి. కుదిరితే మీ నాన్నగారిని వెంట తీసుకెళ్ళండి. రెండు కాపీలు పట్టుకెళ్ళి, రెండోదాని మీద తేదీతో స్టాంపు వేయించుకునే బయటికి రండి.